పన్నెండో గొట్టం

పడవల క్లబ్బు మేడమీద నా కుట్టుమిషను.
కిందినుంచి రబ్బరు జిగురు వాసన, ఉడికిన క్యాబేజీ వాసన.
హేలింగ్ దీవిలో ఆ చలికాలమంతా
ఈతదుస్తులకు అతుకులు వెయ్యడమే నా పని.

ఎవరు తొడుగుతారని అడగకూడదు.
ఎటు వెళతారని అసలే అడగకూడదు.
హెస్టర్ పాడక్, వితంతువు, అని రాసి సంతకం పెట్టించుకున్నారు.
నోరు లేనిది అని రాయలేదు గానీ
ఉద్యోగం ఇచ్చింది అందుకే.

రైలుపట్టాలు పేల్చేవాళ్ళు, గొడుగులకు వేలాడి రాత్రుళ్ళు దిగేవాళ్ళు,
మొహాలకు మసి పూసుకునేవాళ్ళు,
పబ్బులో కథలన్నీ ఆ దళాలవే.
మావాళ్ళు ఉత్త దొంగలు.
చీకట్లో ఈదుకుంటూ పోయి
శత్రువు వాకిట్లోంచి
ఇసుక ఎత్తుకొచ్చే దొంగలు.

జాగో ట్రెవెనా చెప్పినప్పుడు నవ్వాను.
కార్న్‌వాల్ తగరపు గనివాడి కొడుకు, తలుపుకు పట్టని భుజాలు.
"నవ్వకండి మిసెస్ పాడక్,
మొదట్లో ఎవరూ కొలవలేదు.
మ్యాపులో ఒడ్డు ఉంది, పడవల్ని అటే తోలారు.
ఒడ్డుకు నూరు గజాల ఇవతలే ఇసుకతిన్నె తగిలింది.
తలుపు దించారు, దూకమన్నారు.
తిన్నెకీ ఒడ్డుకీ నడుమ రెండు నిలువుల నీళ్ళు,
వీపుమీద మోయలేనంత మూట.
ఈత వచ్చినవాడూ రానివాడూ ఒకే చోటికి వెళ్ళారు.
మా దళాన్ని కన్నది ఏ జనరలూ కాదు.
ఆ గుంట."

అతని బెల్టుకు పన్నెండు గూళ్ళు కుట్టాను.
గూటికో గొట్టం, మూతమీద గాట్లు,
తడిమితే వేలికి అంకె తెలిసేలా.
మొలకు పలక, మైనపు పెన్సిలు,
సముద్రం వైపు మాత్రమే వెలిగే టార్చి.
ట్యాంకు బరువు ఆపుతావా, మింగుతావా
అని ఇసుకనే అడిగి రావాలట.

జనవరి అమావాస్యకు వెళ్ళొచ్చారు.
దుస్తులు తిరగేసి కడుగుతుంటే మోకాలి మడతలో
రవంత మెత్తటి ఇసుక.
మాది గులకరాళ్ళ ఒడ్డు.
దీంట్లో నల్లటి పీచు, ఎప్పుడో మునిగిన అడవి వాసన.
సైన్యమంతటికీ తెలియని తీరం
నా గోళ్ళకిందికి వచ్చి కూర్చుంది.
గోళ్ళు కత్తిరించి పొయ్యిలో వేశాను.

మార్చిలో లైల్ ఆబ్రే ఒక్కడే మెట్లెక్కాడు.
బెల్టు బల్లమీద పెట్టాడు.
పదకొండు నిండాయి. ఒక గూడు ఖాళీ.
"చాలన్నాను. వినలేదు.
పన్నెండో చోటు వాగు నోట్లో ఉంది,
అక్కడ దిగేవాడికి నేనేం చెప్పను అన్నాడు.
బెల్టు నాకిచ్చి ఒక్క గొట్టంతో మళ్ళీ ఈదాడు.
తూరుపు తేరేదాకా తెడ్డు వెయ్యలేదు నేను.
టార్చి వెలగలేదు."
టీ అడిగాడు. ఇచ్చాను. తాగలేదు.

వాళ్ళమ్మకు వెళ్ళిన ఉత్తరంలో
సముద్రం అన్న మాటే లేదట.

వారం తిరక్కుండా హుకుం:
ట్రెవెనా రెండో జత కొత్తవాడికి సరిచెయ్యాలి,
మనిషి పొట్టి.
కాళ్ళ దగ్గర నాలుగు వేళ్ళ పొడుగు కత్తిరించాను.
కత్తెర ఎక్కడా ఆగలేదు. చెయ్యే ఆగింది.

జూన్లో మా నీళ్ళమీద ఇసుక వేస్తే రాలనన్ని ఓడలు.
మర్నాటికి ఒక్కటీ లేదు.
చచ్చినవాళ్ళ లెక్క రేడియోలో, పేపర్లో, చర్చి గోడమీద.
సరైన చోట దిగి, మోకాలిలోతు నీళ్ళలో నడిచి,
మునగకుండా ఒడ్డెక్కినవాళ్ళను
ఎవరు లెక్కపెడతారు?
వాళ్ళకే తెలియదు.

ఆ రబ్బరు ముక్కలు పారెయ్యలేదు.
ఒకటి నా వేడినీళ్ళ సంచికి అతుకేశాను.
ఇప్పటికీ కాస్త కారుతుంది.
పాదాల దగ్గర దుప్పటి తడిసి
నడిరాత్రి మెలకువ వస్తుంది.
కొత్తది కొనుక్కోమంటుంది మా చెల్లెలు.